మన పెరటి నాటు గులాబి

పాఠ్యభాగము: యిర్మీయా 29:4-7



బబులోనునకు చెరగా కొనిపోబడిన వారికి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరమును మనము పలుమార్లు చదివియున్నాము. పరదేశమందైనను ఇండ్లు కట్టుకొని కాపురముండవలెననియు, తోటలు నాటుకొనవలెననియు ఆయన వారికి తెలియజేసెను. నేల క్రొత్తదైనను, దినములు కష్టమైనవైనను, ఇది మా యిల్లు అని ఒప్పుకొనినవాడే మొక్క నాటును. ఈ నెల పాఠములో మనము పెద్ద తోటలను గూర్చి గాక, మన పల్నాటి యిండ్లలో బావిగట్టుననో, దడి ప్రక్కనో నిలిచియుండు ఒక ముండ్ల మొక్కను గూర్చి, అనగా నాటు గులాబిని గూర్చి నేర్చుకొందము.

ఇది చిన్న సంగతి అని కొందరు తలంచవచ్చును. అయితే మన ఊళ్లలో జరుగుచున్నదానిని చూడుడి. పాత పెంకుటిండ్లు తీసివేసి స్లాబు యిండ్లు కట్టుకొనుచున్నాము. అది మంచిదే. కాని యిల్లు కట్టునప్పుడు పెరడంతయు సిమెంటు గచ్చగుచున్నది, అమ్మమ్మ నాటిన గులాబి ఆ దినమే పోవుచున్నది. తరువాత మొక్కల బండి వచ్చినప్పుడు పెద్ద పువ్వు చూచి ఒక అంటు మొక్కను కొని తొట్టిలో పెట్టుచున్నాము. అది చలికాలమంతయు పూయును, మే నెలలో ఎండిపోవును. మరుసటి యేడు మరియొకటి కొందుము, అదియు ఎండును. ఇట్లు రూకలు పోవుచునే యుండును. పోయిన పాత మొక్క మాత్రము ఏ బండిమీదను దొరకదు. కాబట్టి అది యింకను మన మధ్య నుండగానే దానిని కాపాడు విధమును తెలిసికొనవలెను.

1. పాత గులాబి యనగా ఏది?

గులాబి అను మాట పారసీక భాషనుండి వచ్చినది. ఆ భాషలో గుల్ అనగా పువ్వు, ఆబ్ అనగా నీరు. పువ్వునుండి తీసిన సువాసన నీటి పేరే మన దేశములో పువ్వునకు పేరైనది. ఆ నీటినే మనము పన్నీరు అందుము. అందుచేతనే కొన్ని యిండ్లలో ఈ మొక్కకు పన్నీరు గులాబి అని పేరు.

లోకమంతటను గులాబులు పెంచువారు 1867వ సంవత్సరమును ఒక గట్టుగా పెట్టుకొనిరి. ఆ యేట ఫ్రాన్సు దేశములో లా ఫ్రాన్స్ అను గులాబి బయలుదేరెను. నేడు అంగళ్లలో కనబడు పొడుగు కాడ, పెద్ద మొగ్గ గల జాతికి అది మొదటిదని చెప్పుదురు. ఆ సంవత్సరమునకు ముందే యున్న తెగలను పాత గులాబులని పిలుచుట 1966లో అమెరికా గులాబి సంఘమువారు స్థిరపరచిరి.

అట్టి పాత తెగలలో ఒకటి మనకు దగ్గరదే. హిందూ మహాసముద్రములో మడగాస్కరునకు తూర్పుగా రియూనియన్ అను దీవి కలదు. పూర్వము దానికి బూర్బన్ అని పేరు. అక్కడి రైతులు పొలములకు గులాబులతో కంచె వేసెడివారు. చీనా దేశపు గులాబియు, దమస్కు గులాబియు ఒకే కంచెలో నుండగా, ఆ రెంటికి పుట్టిన క్రొత్త మొక్క అందులో మొలిచెనని చెప్పుదురు. 1817లో ఆ దీవికి వచ్చిన బ్రెయోన్ అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దానిని గుర్తించి, తరువాత దాని విత్తనములను పారిసునకు పంపెను. మన దక్షిణ దేశములో దండలకును, పన్నీటికిని పెంచు ఎడ్వర్డు గులాబి ఈ తెగకు చెందినదే. రేకులు వదులుగా, రంగు గులాబిగా, వాసన నిండుగా నుండును. కాడ పొట్టిది, పువ్వు తొందరగా రాలును. కాబట్టి అంగడి వానికి అది అంతగా పనికిరాదు గాని, తలలో పెట్టుకొనుటకును, దండ గ్రుచ్చుటకును దానికి సాటి లేదు.

మీ పెరటిలోనిది ఆ తెగయా, మరియొకటియా అని తెలియకపోయినను చింత లేదు. ముఖ్యముగా చూడవలసినవి మూడు. ఎన్ని యేండ్లనుండి బ్రతికియున్నది? కొమ్మ గ్రుచ్చిన నాటుకొనునా? వాసన కలదా? ఈ మూటికిని సరియైన జవాబు వచ్చినయెడల, దాని శాస్త్ర నామము తెలియకపోయినను అది దాచుకొనదగిన మొక్కయే.

2. అంటు మొక్క, సొంత వేరు

రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో ఒలీవ చెట్టునకు అంటు కట్టుటను గూర్చి పౌలు చెప్పెను గనుక అంటు అను మాట మనకు క్రొత్త కాదు. బండిమీద వచ్చు గులాబులలో ఎక్కువ భాగము అట్టివే. గోదావరి యొడ్డున కడియము ప్రాంతపు తోటలనుండి ఇట్టి మొక్కలు మన జిల్లాలకు వచ్చుచుండును. క్రింద వేరు ఒక జాతిది, దానిమీద కట్టిన కన్ను మరియొక జాతిది. కట్టిన చోట కాడ బుడిపె వలె ఉబ్బియుండును.

అంటు కట్టుట తప్పు కాదు. కాని వడగాలికి పైనున్న కన్ను చచ్చినను, క్రింది వేరు బ్రతికియుండును. అది తన సొంత కొమ్మలను పైకి పంపును. అప్పుడు ఇంటివారు "మా ఎఱ్ఱ గులాబి మారిపోయి చిన్న పువ్వులు పూయుచున్నది" అందురు. పువ్వు మారలేదు. పై మొక్క చచ్చినది, క్రింది మొక్క మిగిలినది. బుడిపెకు క్రిందనుండి వచ్చు కొమ్మను నేలకు సమముగా కోసిన చాలదు. మన్ను తీసి, అది పుట్టిన చోటనుండి లాగివేయవలెను. ఏడు ఆకులున్న రెమ్మ అడవిది, అయిదు ఆకులున్నది మంచిది అను మాట అంతటను చెల్లదు. పాత గులాబులకును ఏడు ఆకులుండుట కలదు. కొమ్మ ఎక్కడనుండి పుట్టెనో చూచుటయే సరియైన గురుతు.

నాటు గులాబి కొమ్మను మన్నులో గ్రుచ్చి పెంచినప్పుడు వేరును, కొమ్మయు, పువ్వును ఒక్కటే. మేక కొరికినను, ఎండకు పై భాగము మాడినను, వేరు బ్రతికియున్నచో వానలకు అదే గులాబి తిరిగి లేచును. మన పల్నాటికి ఇదియే దాని గొప్ప మేలు.

3. సున్నపు నేలలో గులాబి

మన నేల సంగతి మనకు తెలియనిది కాదు. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు ఈ ప్రాంతమునకు పేరు తెచ్చినవి. ఆ రాతిలోని సున్నమే మన మన్నులోను, అనేక బావుల నీటిలోను కలదు. సున్నము ఎక్కువైన చోట మన్నులో ఇనుము ఉన్నను మొక్క దానిని తీసికొనలేదు. అప్పుడు లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రము పచ్చగా నుండును. అనేకులు దానిని చూచి నీరు చాలలేదని మరింత నీరు పోయుదురు. నీరు ఎక్కువైనకొలది వేరు ఉక్కిరిబిక్కిరియై మొక్క మరింత పాలిపోవును.

చేయవలసినది ఇది. అన్నభేదిని లీటరు నీటికి 5 గ్రాములు, నిమ్మ ఉప్పును 1 గ్రాము కలిపి, సాయంకాలమున ఆకులమీద చల్లవలెను. పది దినముల తరువాత మరల చల్లవచ్చును. ఇది అప్పటి ఉపశమనము మాత్రమే. నిలుచు మేలు పశువుల యెరువువలన, మాగిన ఆకుల యెరువువలన కలుగును. పొయ్యి బూడిదను గులాబి మొదట పోయు అలవాటు మన స్త్రీలకు కలదు. బూడిదయు సున్నము వంటి గుణము గలదే గనుక సున్నపు నేలలో దానిని మానవలెను. బట్టలుతికిన సబ్బు నీళ్లును అంతే. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు పోయవచ్చును.

సున్నపు నేలలో గులాబి పెరుగదని ఎవరును నిరాశపడనక్కర లేదు. అట్లాంటిక్ సముద్రములో బెర్ముడా అను చిన్న దీవులు కలవు. అవియు సున్నపురాతి దీవులే. పాత చీనా గులాబులు అక్కడి పెరటిలలో తరతరములుగా నిలిచియున్నవి. 1954లో ఏర్పడిన అక్కడి గులాబి సంఘమువారు పేరు తెలియని పాత మొక్కలను వెదకి, కొమ్మలు తెచ్చి పెంచిరి. వాటిలో అనేకములకు అవి దొరికిన చోటి పేరో, ఆ తోటవారి పేరో పెట్టిరి. స్మిత్స్ పారిష్ అను గులాబి అట్లు ఒక పల్లె సీమ పేరుతో పిలువబడుచున్నది. మనమును ఆలాగు చేయవచ్చును గదా! ఏ అవ్వ పెరటినుండి కొమ్మ వచ్చెనో ఆ అవ్వ పేరు ఆ మొక్కకు పెట్టిన యెడల, పేరును నిలుచును, మొక్కయు నిలుచును.

4. కొమ్మ నాటు విధము

వానలు తగ్గి చల్లగాలి తిరిగిన అక్టోబరునుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. పూచి రాలిన కొమ్మను తీసికొనవలెను. మరీ లేతది కుళ్లును, మరీ ముదిరినది ఆలస్యముగా వేరు పట్టును. పెన్సిలు లావు, ఆరు లేక ఎనిమిది అంగుళముల పొడవు, నాలుగైదు కన్నులు ఉండవలెను. క్రింది కోత కన్నునకు కొంచెము దిగువగా, ఏటవాలుగా నుండవలెను. పై కోత కన్నునకు పావు అంగుళము పైన ఉండవలెను. క్రింది ఆకులన్నియు తీసి, పైన ఒకటి రెండు ఆకులు మాత్రము ఉంచవలెను.

సగము ఇసుక, సగము ఎఱ్ఱమన్ను కలిపిన తొట్టిలో, కొమ్మలో రెండు పాళ్లు లోపలికి పోవునట్లు గ్రుచ్చి, మన్ను గట్టిగా అదమవలెను. నీడలో పెట్టి తడి ఆరకుండ చూడవలెను గాని బురద చేయరాదు. నెల లేక నెలన్నరకు వేరు పట్టును. చిగురు వేయగానే వేరు వచ్చినదని సంతోషపడరాదు. కొమ్మలో దాగియున్న బలముతోనే మొదటి చిగురు వచ్చును. పెరికి చూచు పిల్లలను దూరముగా ఉంచవలెను! రెండవ విడత చిగురు వచ్చువరకు దానిని కదలింపకుండుట మంచిది. ఒక్క కొమ్మ గ్రుచ్చి ఊరకుండక ఆరైనను గ్రుచ్చినయెడల, రెండు మూడైనను దక్కును.

నేలలో నాటుటకు అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గల గుంట త్రవ్వవలెను. నాపరాతి పొర తగిలిన యెడల గడ్డపారతో పగులగొట్టవలెను. లేనిచో నీరు నిలిచి వేరు కుళ్లును. నల్లరేగడి నేలయైన యెడల మట్టిని జానెడు ఎత్తుగా పోసి నాటవలెను. ఎరువు బాగుగా మాగినదై యుండవలెను. పచ్చి పేడ చెదలను పిలుచును. రెండు గుప్పిళ్ల వేప పిండి గుంటలో కలుపుట మంచిది.

5. వేసవి దాటించుట

రెంటచింతల ఎండ రాష్ట్రమంతటను పేరుపొందినది. మన ప్రాంతములో వేడి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినప్పటినుండి మన పొలములు అనేకములు పచ్చబడెను గాని, వేసవిలో కాలువ ఎండును, పెరటి మొక్కకు బిందె నీరే గతి. ఆ బిందెను మోయునది మన తల్లులు, చెల్లెండ్రు. కాబట్టి ఒక్క చెంబైనను వ్యర్థము కాకూడదు.

నీరు తెల్లవారుజామున మొదట పోయవలెను. మొదటి చుట్టు వేరుశనగ పొట్టు గాని, వరిగడ్డి గాని నాలుగు అంగుళముల మందమున పరచిన యెడల తడి నిలుచును. కాడకు తగులకుండ కొంచెము ఎడము విడువవలెను. పడమటి ఎండ తగులు చోట రెండు తాటాకులు నిలిపిన చాలును. ఏప్రిలు, మే నెలలలో కొమ్మలు కత్తిరింపరాదు, ఎరువు వేయరాదు. ఆ రెండు నెలలు పువ్వును కోరక ప్రాణమును మాత్రము కాపాడవలెను.

వేడికి ఓర్చు గులాబులను గూర్చి మన రాష్ట్రముతో సంబంధము గలవారే గొప్ప కృషి చేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు తరువాత కొడైకనాలులో స్థిరపడి, నీటి యొడ్డున పెరుగు మన దేశపు అడవి గులాబియైన క్లినోఫిల్లాతో సంకరము చేసి, ఉష్ణ దేశములకు తగిన గులాబులను పుట్టించిరి. చలి దేశపు గులాబినే బ్రతిమాలుట గాక, మన ఎండకు పుట్టిన దానిని వెదకవలెనన్నది ఆ కృషివలన మనము నేర్చుకొనదగిన పాఠము.

6. కత్తిరింపును, తీగ గులాబియు

పనికిరాని తీగెను తీసివేయుట, ఫలించు తీగెను శుద్ధి చేయుట యోహాను 15వ అధ్యాయములో మనము చదువుదుము. గులాబికిని ఆ రెండు పనులు వేరువేరు. ఎండిన కొమ్మను ఎప్పుడైనను, లోపలి దూటు తెల్లగా కనబడువరకు కోసివేయవలెను. బ్రతికియున్న కొమ్మను మాత్రము దసరా వెళ్లిన తరువాత కత్తిరింపవలెను. అంటు గులాబులను సగమునకు కోయు అలవాటు కలదు గాని, నాటు గులాబికి మూడవ వంతునకు మించి కోయరాదు.

తీగ గులాబులకు కాకర, దోస వలె పట్టుకొను నులితీగలు లేవు. కాబట్టి వాటిని మనమే కట్టవలెను. నిలువుగా కట్టిన యెడల కొనయందు మాత్రమే పూయును. అదే కొమ్మను దడిమీద అడ్డముగా వంచి కట్టిన యెడల ప్రతి కన్నునుండియు చిన్న కొమ్మ లేచి పూయును. ఇది గుర్తుంచుకొనదగిన కిటుకు. 1864లో ఫ్రాన్సులో బయలుదేరిన మారెషల్ నీల్ అను పసుపు తీగ గులాబి వెచ్చని దేశములకు తగినది. చలి దేశములలో గోడలనిండ పూయు డొరోతీ పెర్కిన్స్ వంటి తీగలు మన వేసవికి ఓర్చుట కష్టము. బొమ్మలు చూచి వాటికై రూకలు వ్యయము చేయనక్కర లేదు. పందిరినిండ పూల గుత్తులు కావలెనన్నచో మన రాధామనోహరము ఉండనే యున్నది.

7. ఒక హెచ్చరిక

మనది పత్తి, మిరప పండించు సీమ. చేనికి తెచ్చిన పురుగుమందు అడుగున మిగిలినదని గులాబిమీద చల్లు వారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఆ పువ్వునే మన ఆడపిల్లలు తలలో పెట్టుకొందురు, పసిపిల్లలు రేకులు నోట పెట్టుకొందురు. పువ్వునకు పట్టిన పురుగుకంటె ఆ మందే మనకు ఎక్కువ శత్రువు. ఎండకాలమున ఆకుల అడుగున ఎఱ్ఱనల్లి చేరిన యెడల, ఉదయమున ఆకుల క్రిందిభాగమునకు నీటిని గట్టిగా కొట్టిన చాలవరకు పోవును. ఇతర పురుగులకు 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి చల్లవలెను. నల్లమచ్చలు గల ఆకులు రాలిన వెంటనే ఏరి కాల్చివేయవలెను.

8. బైబిలులో గులాబి కలదా?

ఇంగ్లీషు బైబిలు చదువువారు పరమగీతము 2:1లోను, యెషయా 35:1లోను గులాబి పేరు చూచి, షారోను గులాబి అని పాడుచుందురు. మన తెలుగు బైబిలులో ఆ రెండు చోట్లను గులాబి అను మాట లేదు. మూలమైన హెబ్రీ భాషలో ఆ రెండు చోట్లను ఒకే మాట కలదు. అది నేలలో గడ్డనుండి మొలిచి, వానల తరువాత పొలములో పూయు అడవి పువ్వని పండితులలో అనేకులు తలంచుచున్నారు. అనగా అది రాజుల తోటలో పెంచిన పువ్వు కాదు. ఎండిన నేలలో దాగియుండి, కాలము వచ్చినప్పుడు లేచు సామాన్యమైన పువ్వు. ఎండకు మాడి, వానకు తిరిగి చిగిర్చు మన నాటు గులాబి పేరునుబట్టి కాకపోయినను గుణమునుబట్టి దానికి దగ్గరదే అనవచ్చును.

తుదకు ఒక మాట. ఒక్క పెరటిలో మాత్రమే యున్న మొక్క ఒక్క వేసవిలో పోవచ్చును, ఒక్క గోడ కట్టినప్పుడు పోవచ్చును. పది యిండ్లలో ఉన్న మొక్క పోదు. నేడు మీరు పొరుగింటికి ఇచ్చిన కొమ్మయే రేపు మీ మొక్క చచ్చినప్పుడు తిరిగి మీ యింటికి వచ్చును. ఇది ఇచ్చుటచేత తరుగని ఆస్తి. మీ గ్రామములో ఇల్లు పడగొట్టబోవుచున్నారని వినినయెడల, పనివారు రాకముందే వెళ్లి, ఇంటివారిని అడిగి, ఆ పెరటి గులాబి కొమ్మలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకొనుడి.

సమాజములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో అందరికంటె పాత గులాబి మొక్క ఎవరి పెరటిలో కలదు? దానిని ఎవరు నాటిరి?
2. మీ గులాబి లేత ఆకులు పసుపుగా నున్నవా? మీరు దాని మొదట బూడిద గాని, సబ్బు నీరు గాని పోయుచున్నారా?
3. మీ మొక్క అంటు మొక్కయా, సొంత వేరు మొక్కయా? ఎట్లు గుర్తించితిరి?
4. చలికాలమున జరుగు స్త్రీల సమాజ కూటమునకు ఒక్కొక్కరు తమ పెరటి గులాబి కొమ్మలు రెండు తెచ్చి మార్చుకొనుటకు ఏర్పాటు చేయగలమా? మందిర ఆవరణములో ఏ చోట ఒకటి నాటవచ్చును? దానికి వేసవిలో నీరు పోయువారు ఎవరు?